ఇంగ్లీషున చెడిపోవుటకు నెన్ని తోకలు

మన తెలుగున వస్తువు చెడుటకు మాటల కొఱత లేదు. కఱ్ఱ విఱుగును, కుండ పగులును, దారము తెగును, బట్ట చినుగును, గోడ కూలును, పిడి యూడును, చెప్పు అరుగును, ఇనుము త్రుప్పు పట్టును, పాలు విఱుగును, అన్నము పాచిపోవును, పప్పు మాడును. కుండ తెగినదన్నను, దారము పగిలినదన్నను మూడేండ్ల పాప సైతము నవ్వును. ఏ వస్తువునకు ఏ మాట చెల్లునో మనకు తల్లిపాలతో వచ్చినది. ఇంగ్లీషువారి తీరు వేఱు. కఱ్ఱకును, కుండకును, దారమునకును, ఎముకకును, ఇచ్చిన మాటకును, మనసునకును వారికి బ్రేక్ అను నొక్క క్రియ చాలును. ఇంత సులువా యని మనము సంతోషించులోపల, ఆ చిన్న క్రియకు డౌన్ అనియు, అప్ అనియు, ఆఫ్ అనియు, అవుట్ అనియు తోకలు తగిలించి, ఒక్కొక్క తోకతో నొక్కొక్క యర్థము పలికింతురు. మన దిగులు అక్కడ పుట్టును.

మనము చెడిన వస్తువును చూచి క్రియ నెన్నుకొందుము. వారు చెడిన తీరును చూచి తోక నెన్నుకొందురు. ఈ యొక్క సంగతి తెలియక మన పిల్లలు బ్రేక్ క్రింద పది, గివ్ క్రింద పది, గో క్రింద పది చొప్పున పట్టికలు వల్లించి, పరీక్ష నాటికి అన్నిటిని కలిపివేయుదురు. పట్టికను క్రియనుబట్టి కాక తోకనుబట్టి వేసికొన్నచో ఈ చిక్కు చాలవఱకు విడును.

వీనికి ఫ్రేజల్ వెర్బ్స్ అని పేరు. లోగన్ పియర్సాల్ స్మిత్ అను నతడు 1925లో ప్రకటించిన గ్రంథమున ఈ పేరు వాడి, దీనిని తనకు సూచించినవాడు హెన్రీ బ్రాడ్లీ యని తెలిపెను. పేరు క్రొత్తదే గాని చిక్కు పాతది. 1755లో తన నిఘంటువును ప్రకటించిన శామ్యూల్ జాన్సన్, క్రియ వెనుక చిన్నమాట చేర్చి యర్థము మార్చు నీ పద్ధతియే పరదేశీయులకు మిక్కిలి కష్టమైనదని పీఠికలోనే చెప్పి, ఉదాహరణములలో బ్రేక్ ఆఫ్ అనుదానిని గూడ చూపెను. వారి పండితులే ఒప్పుకొన్న కష్టమునకు మనము సిగ్గుపడనక్కఱలేదు. కొంతకాలము మన రాజమహేంద్రవరమున ఉద్యోగము చేసిన బ్రౌను దొరగారికి మన తెగుటయు పగులుటయు చినుగుటయు వేఱువేఱుగ నేర్చుకొనవలసి వచ్చియుండును గదా. ఆయన పడిన శ్రమయే తలక్రిందై మనకు వచ్చినది.

ఇంటిలోనివారికి ఈ చదువెందుకని యడుగువారు నేటికిని కలరు. మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్, ఇన్వర్టరు, నీటి మోటారు, వీనిలో దేని పెట్టె విప్పినను లోపల తెలుగు కాగితము దొరకుట యరుదు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వ పాఠశాలల పుస్తకములలో 2020 మొదలుకొని ఒక పుట తెలుగును, ఎదుటి పుట ఇంగ్లీషును అచ్చువేయుచు వచ్చిరి. సాయంకాలము బిడ్డలు ఆ యెదుటి పుటను పట్టుకొని తల్లియొద్దకు వత్తురు గాని తండ్రియొద్దకు పోరు. మా యింట తండ్రి బడిపంతులే యైనను ఇదియే వరుస. ఆ బిడ్డలే పెద్దవారై దూరదేశములకు పోయిన పిమ్మట పంపు కబురులు సగము ఇంగ్లీషుననే యుండును. మన యూరివారైన వీరేశలింగము పంతులుగారు స్త్రీలకొఱకు సతీహితబోధిని యను పత్రికను 1883లోనే నడిపిరి. అప్పటి స్త్రీలకు తెలుగు చదువుటయే సాహసము. ఇప్పటి సాహసము వేఱొకటి.

తాతయొద్దనో తండ్రియొద్దనో అమరమును, శబ్దమంజరిని వల్లించిన సోదరీమణులకు ఈ తోకలను చూచి భయపడ బనిలేదు. సంస్కృతమున ప్ర, పరా, అప, సమ్ మొదలుగా ఇరువదిరెండు ఉపసర్గలు కలవు. హృ యను నొక్క ధాతువునకు ముందు ఇవి చేరి ప్రహారము, ఆహారము, సంహారము, విహారము, పరిహారము అని యెంత దూరపు టర్థములను పుట్టించినవో చూడుడు. కొట్టుట, తినుట, చంపుట, తిరుగుట, పోగొట్టుట, అన్నిటికిని మూల మొక్కటియే. ఒక్కొక్కచోట ఉపసర్గ అర్థమును మార్పక బలమును మాత్రమే యిచ్చును, నాశము వినాశము అన్నట్లు. ఇంగ్లీషునను అట్లే. బ్రేక్ అవుట్ అనగా విఱుగుట కానే కాదు. అగ్నియో, వ్యాధియో, యుద్ధమో యొక్కసారిగా పుట్టుకొనివచ్చుట. డ్రై అప్ అనగా ఎండుటయే, కాని చుక్క మిగులకుండ ఎండుట. మన పండితులు తలకు తగిలించినదానిని వారు తోకకు తగిలించిరి.

తెలుగున తోక లేదనుకొనవలదు. పోవు అను క్రియను చూడుడు. పగిలెను అనుటకును పగిలిపోయెను అనుటకును భేదము కలదు. కుండ పగిలెననిన నెఱ్ఱె విచ్చియుండవచ్చును, బియ్యము పోసికొనుటకైన పనికివచ్చును. పగిలిపోయెననిన దానియాశ వదలుకొనవలసినదే. కాలిపోయెను, అరిగిపోయెను, ఆగిపోయెను, ఎండిపోయెను అనుచోట్ల ఈ పోవుట ఎక్కడికిని పోవుట కాదు, వస్తువుపని ముగియుట. ఊడివచ్చెను, విఱిగిపడెను, కొట్టుకొనిపోయెను అనుచోట్ల రెండవ క్రియ దిక్కును జెప్పుచున్నది: చేతిలోనికి వచ్చినదా, క్రింద పడినదా, నీటివెంట పోయినదా యని. ఇంగ్లీషు తోక చేయు పనియు సరిగా నిదియే. ఇది గ్రహించినచో సగము చదువు ముగిసినట్లు. మిగిలిన సగము వంటయింట నున్నది.

అవుట్ అనగా వెలుపల యని బడిలో నేర్పుదురు. చెడుటలో దాని భావము, ఉన్నదంతయు వెలుపలికి పోయి లోపల ఏమియు మిగులలేదని. పొయ్యిమంట గాలికి ఆఱినచో గో అవుట్. మోటారులోని తీగచుట్ట కాలి కంపు కొట్టి నిలిచినచో బర్న్ అవుట్. గ్రైండరు పట్టా యేండ్లతరబడి తిరిగి అరిగినచో వేర్ అవుట్. మెట్లెక్కుచుండగా మోకాళ్లు ఇక మోయజాలమన్నచో గివ్ అవుట్. గ్యాసు ఐపోయినచో రన్ అవుట్. దీనికి కర్తగా వస్తువునైనను మనుష్యులనైనను పెట్టవచ్చును. “ది గ్యాస్ హాజ్ రన్ అవుట్” అన్నను, “వుయ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ గ్యాస్” అన్నను ఒక్కటియే. మగపిల్లలున్న యింట ఈ మాట పలికినచో క్రికెట్టు తీర్పని నవ్వుదురు. నవ్వనిండు, మాట జ్ఞాపకముండును.

ఇక్కడ నొక ముచ్చట చెప్పక విడువలేను. మన పెద్దలు బియ్యము ఐపోయినవనరు, నిండుకొన్నవందురు. దీపము ఆఱినదనరు, కొండెక్కినదందురు. పుస్తెలత్రాడు తెగినదనరు, పెరిగినదందురు. లేమిని నిండుదనముగా పలుకుట మన స్త్రీలు కాపాడుకొన్న మర్యాద. ఇంగ్లీషువారు వస్తువులకు ఇట్టి చాటు పెట్టరు. మనుష్యుడు పోయినపుడు మాత్రము పాస్ అవే యని మెత్తగా చెప్పుదురు. కావున నిండుకొన్నది అను మన మాటను ఉన్నదున్నట్లు మార్చి గ్యాసు ఫుల్ అని కబురు పంపినచో, బండ తెచ్చువాడు బండి త్రిప్పుకొని పోవును.

ఆఫ్ అనగా అతుకు వీడుట. కుక్కరు పిడి యూడివచ్చినచో కమ్ ఆఫ్. బకెట్టు చెవి విఱిగి వేఱుపడినచో బ్రేక్ ఆఫ్. బిల్లు కట్టలేదని కరెంటు తప్పించినచో కట్ ఆఫ్. నొప్పిమాత్ర పట్టు వదలినచో వేర్ ఆఫ్. చెప్పులు వేర్ అవుట్, మందు వేర్ ఆఫ్: ఈ రెంటిని కలుపరాదు. అప్ అనగా పూర్తిగా. నూయి డ్రై అప్ అగును. నూనె లేని యంత్రము బిగుసుకొనిపోయి సీజ్ అప్ అగును. పేలినది బ్లో అప్. యాక్ట్ అప్ అను మాట యొకటి నాకు మిక్కిలి యిష్టము. పూర్తిగా చెడక, ఒకపూట పనిచేసి మఱొకపూట చేయక మొఱాయించు యంత్రమునకు అది చెల్లును. చెడ్డ బాలునకును అదియే మాట.

డౌన్ సంగతి వేఱుగ చెప్పవలెను, ఏలయన మనవారు అన్నిటికంటె ఎక్కువగా వాడునది ఇదియే. బస్సు బ్రేక్‌డౌన్ అయినదని చదువురానివారును అందురు. నడచుచున్నది నడక మానుట దీని ప్రాణము. కావున బస్సు, మోటారు, ఫ్రిజ్, రాజీమాటలు, ఒక యేర్పాటు, ఇట్టి నడచువానికే ఇది చెల్లును. గరిటె బ్రేక్ డౌన్ కాదు, కుర్చీ బ్రేక్ డౌన్ కాదు. అవి విఱిగినచో బ్రోక్ అనుటయే చాలును. ఇంటికి నిప్పంటుకొని నేలమట్టమైనచో బర్న్ డౌన్. అచ్చట డౌన్ నిజముగా క్రిందికే.

ఇంతవఱకు చెప్పినది తప్పిన నవ్వులతో పోవును. నవ్వులతో పోనివి రెండు కలవు. మంట “వెంట్ అవుట్” అనినచో దానంతటది ఆఱినది, గ్యాసు ఇంకను వచ్చుచునే యుండవచ్చును. “టర్న్‌డ్ ఆఫ్” అనినచో ఎవరో మీట త్రిప్పి ఆపిరి. పొయ్యి కాగితములో ఈ రెండు మాటలును దగ్గఱదగ్గఱగా నుండును. రెంటిని ఆఱుటయనియే చదివికొన్నచో కిటికీ తెఱచు పని మఱచెదము. గ్యాసు వాసన తగిలినపుడు విద్యుద్దీపపు మీట ముట్టక, తలుపులు తెఱచి, రెగ్యులేటరు కట్టివేసి, వెలుపలికి వచ్చి 1906కు ఫోను చేయవలెనని మన సోదరీమణులు ఎఱుగుదురు గాక.

రెండవది గో ఆఫ్. నేను పైన కట్టిన సూత్రము దీనియొద్ద చెదరును. దీపములు గో ఆఫ్ అయినచో ఆఱినవి. పాలు గో ఆఫ్ అయినచో చెడినవి. బాంబు గో ఆఫ్ అయినచో పేలినది. అలారము గో ఆఫ్ అయినచో ఆగలేదు, మ్రోగినది! అంతస్తుల యిండ్లలోను, ఆసుపత్రులలోను, అలారము గో ఆఫ్ అయిన వెంటనే మెట్లదారిన దిగిపొండని గోడలమీద వ్రాయుదురు. దానిని ఆగుటగా నర్థము చేసికొన్న యిల్లాలు, మ్రోగుచున్నంతసేపు లోపల కూర్చుండి, ఆగిన తరువాత బయలుదేఱును. ఈ యొక్క మాట ప్రతి యింటను బిడ్డలకు ముందుగా చెప్పదగినది.

గోదావరియొడ్డున పుట్టినవారికి చెడుట యనగానే జ్ఞప్తికి వచ్చునది గట్టు. ధవళేశ్వరమున నీటిమట్టము 11.75 అడుగులైనచో మొదటి హెచ్చరిక, 13.75 అడుగులైనచో రెండవది, 17.75 అడుగులైనచో మూడవది. 1986 ఆగస్టులో వచ్చిన వరద 35 లక్షల క్యూసెక్కులు దాటినది. గట్లు పలుచోట్ల తెగి ఊళ్లు మునిగినవి. ఆ వరదను తెలుగున చెప్పవలెనన్న మనకు తెగు అను నొక్క క్రియయే పలుమాఱులు వచ్చును. గట్టు తెగినది, దారి తెగినది, పడవత్రాడు తెగినది. ఇంగ్లీషున ఈ మూడును మూడు మాటలు. గట్టు బరువు మోయలేక లొంగినది కనుక గివ్ వే. దారి తెగి ఊరు విడివడినది కనుక కట్ ఆఫ్. త్రాడు పటుక్కుమన్నది కనుక స్నాప్. మన క్రియ యొక్కటి, వారివి మూడు. మొదట నేను చెప్పినదానికి ఇది తలక్రిందు. ఏ భాషయు అన్నిచోట్ల పొదుపరి కాదు, అన్నిచోట్ల దుబారా కాదు.

గివ్ వే యనుచోట మన చెవికి నొక గండము కలదు. గివ్ అవే యను వేఱొక మాట యున్నది; దాని యర్థము ఉచితముగా ఇచ్చివేయుట, ఒక్కొక్కచోట గుట్టు బయటపెట్టుట. త్వరగా పలికినచో రెండును ఒక్కటిగా వినబడును. మా వారు దిద్దుచున్న పరీక్ష కాగితములలో నొక బాలుడు వరదను వర్ణించుచు గట్టు గేవ్ అవే యని వ్రాసెను. అనగా గట్టు దానము చేసినదన్నమాట. ఊరికి నీటిని దానము చేసినది నిజమే గదా యని మా వారు చాలసేపు నవ్వి, అర మార్కు తగ్గించిరి.

లంకలలోని వారికి మఱి రెండు మాటలు అక్కఱకు వచ్చును. ప్రవాహము ఏటేట ఒడ్డును కొంచెము కొంచెముగా కోసికొనిపోవుట వేర్ అవే. అట్లు అడుగు తొలుచుకొనిపోయిన ఒడ్డు ఒకనాడు పెళ్లపెళ్లలుగా లోనికి కూలుట కేవ్ ఇన్. అరటితోటయో, పాకయో, పశువో నీటితో కొట్టుకొనిపోయినచో వాష్ అవే. ఇన్ అనినచో లోనికి, అవే యనినచో దూరముగా. తోక ఎంత నమ్మకముగా దిక్కు చూపుచున్నదో గమనింపుడు.

మన పాత రైలువంతెన, హేవ్‌లాక్ వంతెన, 1997లో రైళ్లను మోయుట మానినది. అది గేవ్ వే కాలేదు, బ్రోక్ డౌన్ కాలేదు, కేవ్ ఇన్ కాలేదు. నూఱేండ్ల నాటి కట్టడము కనుక విశ్రాంతి నిచ్చిరి. దీనికి ఇంగ్లీషున తోకమాట వాడక డీకమిషన్డ్ అను బరువైన మాట వాడుదురు. తోకమాటలు వారి యింటిభాష, లాటిను నుండి వచ్చిన పొడుగుమాటలు వారి కచేరీభాష. మనకు ఆఱ్పుటయు నిర్వాపణమును ఎట్లో, కూలుటయు పతనమును ఎట్లో అట్లే. కావున దరఖాస్తులో పొడుగుమాట, చెల్లెలికి వ్రాయు కబురులో తోకమాట శోభించును. మన పిల్లలు పుస్తకములనుండి పొడుగుమాటలే ముందు నేర్చి, ఆప్తులతో సైతము కచేరీలో నిలుచున్నట్లు మాటలాడుట చూచుచున్నాము.

వారంటీ కాగితముల సంగతి. అవి కొంచెమించుమించుగా అన్నియు ఒక్కపాటియే పాడును: లోపమువలన ఆగినచో బాగుచేయుదుము, వాడుకవలన అరిగినచో మాకు బాధ్యత లేదు అని. మొదటిది బ్రేక్ డౌన్ తెగలోనిది, రెండవది వేర్ అవుట్ తెగలోనిది. మా యెఱుకలోని యొక వదినగారి గ్రైండరు కొన్న యెనిమిదవ నెలలోనే నిలిచిపోయినది. ఆమె అంగడివారికి ఇంగ్లీషున ఫిర్యాదు వ్రాయుచు మోటారు వోర్న్ అవుట్ అని వ్రాసెను. అరిగినదని మీరే వ్రాసితిరి గదా యని వారు ఆ కాగితమునే చూపి త్రిప్పి పంపిరి. అరిగినదెక్కడ? ఎనిమిది నెలలకు మోటారు అరుగునా? లోని చుట్ట కాలినది. బర్న్‌ట్ అవుట్ అని తిరుగ వ్రాసిన మీదట పని జరిగినది. అప్పటికిని జరుగకున్నచో, 2019 వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి మనము నివసించు జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేసికొన వీలున్నది. అంగడి యెక్కడనున్నను మనము అక్కడికి పోనక్కఱలేదు. ఐనను మొదటి కాగితములోని మాట సరిగానున్నచో అంతవఱకు పోవలసిన యవసరమే తఱచుగా నుండదు.

వస్తువులు ఎంత చెడినను వస్తువులే. మనుష్యుల నడుమ చెడినదానికి వాడు తోకలయందు మఱింత జాగ్రత్త వలయును. పెండ్లిసంబంధముల సంగతి చూడుడు. మాటలు సాగి, కట్నకానుకలయొద్దనో జాతకములయొద్దనో కుదురక విడిచినచో ఫాల్ త్రూ. జల్లెడలోనుండి జాఱినట్లు చేతికి రాకుండ పోయినదన్నమాట. నిశ్చయతాంబూలము లైన తరువాత మానుకొన్నచో బ్రేక్ ఆఫ్, అతుకు పడినది వీడినది కనుక. కాపురము చేసి విడిపోయినచో బ్రేక్ అప్. మన తెలుగున ఈ మూటికిని చెడినది యనియో, తప్పినది యనియో, తెగినది యనియో కలగాపులగముగా చెప్పుచున్నాము. విదేశమునందలి పెండ్లికొడుకు వారికి ఇంగ్లీషున వ్రాయునపుడు, చూపులతోనే ఆగిన సంబంధమును బ్రోక్ ఆఫ్ అని వ్రాసినచో, ఆ పిల్లకు నిశ్చయమై తప్పినదని వారు తలతురు. పిల్ల నోరు విప్పకయే పిల్లమీద నొక మచ్చ పడును. అది ఒక్క తోకవలన పడిన మచ్చ. ఇట్టి లేఖలు మగవారికి వదలక తల్లులు ఒక్కమాఱు చదువుట మేలని నా తలంపు.

ఇక మా వీథిలోని పిన్నిగారి సంగతి. ఆమె కూతురు అమెరికాలో నుద్యోగము చేయుచున్నది. ఒకనాడు తల్లికి ఇంగ్లీషున కబురు పంపెను. త్రోవలో కారు బ్రోక్ డౌన్ అయినదనియు, చలిలో రెండు గంటలు నిలిచితిననియు, ఇల్లు చేరిన పిమ్మట ఐ బ్రోక్ డౌన్ అనియు అందులో నున్నది. పిన్నిగారు ఇంగ్లీషు కొంత చదువగలరు. కారు ఆగినదని తెలిసికొని, ఇల్లు చేరిన తరువాత మఱల ఆగినదని తలచి, మంచి మెకానిక్కును పిలిపించుకో తల్లీ యని జవాబిచ్చిరి. కూతురు మాఱు పలుకలేదు. మూడు దినములు కబురు లేదు. నాల్గవనాడు ఆమె ఫోను పట్టుకొని మా యింటికి వచ్చి, కారు ఒక్కనాడే రెండు మాఱులు ఆగుటయేమి యని నన్నడిగిరి.

కారు బ్రోక్ డౌన్ అనిన ఆగినది. మనుష్యుడు బ్రోక్ డౌన్ అనిన అంతవఱకు బిగబట్టుకొన్న దుఃఖము ఆపుకొనలేక భోరున నేడ్చుట. నడచుచున్నది నడక మానుటయే ఇక్కడను భావము, ఆగినది ధైర్యము. నేనీ మాట చెప్పగానే పిన్నిగారు, అక్కడ అర్ధరాత్రి యగునని నేననుచున్నను వినక, మా వసారాలోనే నిలిచి కూతునకు ఫోను కలిపిరి. కారు మాట ఎత్తలేదు. “ఏమమ్మా, ఎందుకేడ్చితివి?” అని మాత్రమడిగిరి. అవతలివైపు మాట నేను వినలేదు, వంటయింటిలోనికి పోయితిని.

క్రైడ్ అని వ్రాయక ఆ పిల్ల బ్రోక్ డౌన్ అని యేల వ్రాసెనని తరువాత ఆలోచించితిని. క్రై యనిన ఉల్లిపాయ కోసినను వచ్చును, సినిమా చూచినను వచ్చును. బ్రేక్ డౌన్ అనుటలో, అంతవఱకు ఓర్చుకొంటినన్న మాట కూడ నున్నది. దానికి సరియైన తెలుగుమాట కుమిలిపోవుట కాదు, కూలబడుట కొంత దగ్గఱ. మనుష్యులకు వాడు మఱి రెండు మాటలు ఈ సందర్భమున తెలిసికొనదగును. పని యెక్కువై, సత్తువయు ఉత్సాహమును ఇంకిపోయినవారు బర్న్‌ట్ అవుట్. మోటారుకు వాడిన మాటయే. నమ్మినవారు సమయమునకు చేయి విడిచినచో వారు మనలను లెట్ డౌన్ చేసిరి. ఇందు మనలను అను మాట నడుమ నుండవలెను: లెట్ అస్ డౌన్ అనవలెను గాని లెట్ డౌన్ అస్ అనరాదు. అదృష్టవశమున చెడుటకు సంబంధించిన తోకమాటలలో పెక్కింటికి కర్మపదము లేదు. వస్తువు తానే చెడును గనుక ఏ మాటను ఎక్కడ దూర్చవలెనను బాధ మనకు తక్కువ.

పలుకుబడి నొకింత చెప్పి విరమింతును. క్రియగా నున్నపుడు ఊనిక తోకమీద పడవలెను: బస్సు బ్రోక్ డౌన్ అనునపుడు డౌన్ గట్టిగా. నామవాచకమైనపుడు రెండును కలిసి యొక్క మాటయై, ఊనిక తలమీదికి పోవును: బ్రేక్‌డౌన్ అనునపుడు బ్రేక్ గట్టిగా. మన తెలుగులోనికి దిగివచ్చినవన్నియు ఈ నామవాచకములే: బ్రేక్‌డౌన్, బ్రేకప్, లాకౌట్, కటౌట్. కటౌట్ అను మాట ఇంజను ఆగుటకు సంబంధించినదనిన సినిమాహాలు ముందు నిలువెత్తు బొమ్మలకు పాలాభిషేకము చేయు పిల్లలు నమ్మరు. భూతకాలరూపములు కంఠస్థము చేయక తప్పదు: బ్రేక్ బ్రోక్ బ్రోకెన్, గివ్ గేవ్ గివెన్, వేర్ వోర్ వోర్న్, గో వెంట్ గాన్. చెడిన సంగతి చెప్పునది చెడిన తరువాతనే కనుక వర్తమానరూపముకంటె వీనితోనే పని యెక్కువ.

మా యింట నేను చేయునది యిది. వంటయింటి తలుపు వెనుక నొక కాగితము అంటించి, అవుట్, ఆఫ్, అప్, డౌన్, ఇన్, అవే యని యాఱు గడులు గీచితిని. ఇంట ఏది చెడినను, బాగుచేయువానిని పిలుచుటకు ముందు, అది ఏ గడిలోనిదో పిల్లలు తేల్చి తేదీతో వ్రాయవలెను. వ్రాయనిదే మెకానిక్కునకు ఫోను లేదు. ఈ వర్షకాలమున అవుట్ గడి నిండినది. ఇన్ గడిలో నింకను ఏమియు లేదు, పెరటి ప్రహరి కొంచెము లోనికి ఒరిగియున్నది గాని.